రెండు సుళ్లు

మా నాయన నెత్తిన రెండు సుళ్లు.
తలంటేటప్పుడల్లా సుబ్బక్క జేజి
ఒకదాని మీద వేలు తిప్పి, ఇంకోదాని మీద తిప్పి
"రెండు సుళ్లోడికి రెండు పెండ్లిండ్లు" అని నవ్వేది.
మా అమ్మ నవ్వేది కాదు.
సంగటి కెలికే తెడ్డును
ఇంకాస్త గట్టిగా తిప్పేది.

ఆవును కొనేటప్పుడు గూడా నాయన ముందు సుడే చూసేవాడు.
పలమనేరు సంతలో అందరూ పండ్లు పట్టి చూస్తాంటే
ఈయన వీపు నిమిరి
వెంట్రుక ఎటు తిరిగిందో వెతికేవాడు.
"పండ్లు వయసు చెప్తాయి,
సుడి ఇల్లు చెప్తాది."

ఊరంతా జెర్సీలు కట్టేసినా
మా కొట్టంలో పుంగనూరు పొట్టావే.
నా నడుమెత్తు గూడా లేదు, పూటకు లీటరున్నర.
నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు దానికి పుట్టిన పెయ్య,
నొసట చింతగింజంత తెలుపు,
ఒక తెల్లారి కొట్టంలో లేదు.
"పారుడు తగిలి సచ్చిపోయింది, పూడ్చేసొచ్చినా" అన్నాడు.
చేతులకు మన్ను లేదు.
చూసినా. అడగలా.
తల్లావు మూడు దినాలు అరిచింది.
సచ్చిన దూడ కోసం అరిచే అరుపు వేరు,
తోలకపోయిన దూడ కోసం అరిచే అరుపు వేరు.
అప్పటికి నాకు తెలీదు.

పదకొండో దినం దాటినాక
కార్డు అమ్మ పేరుకు మార్చమని పాలకేంద్రానికి పోతే
చెంగల్రాయులు అద్దాలు తుడుచుకుంటా అడిగినాడు:
"ఏ కార్డు పాపా?
నలభై ఏడా, నూటా పన్నెండా?"

నూటా పన్నెండు.
చెరుకు తోటలకవతల, గుట్ట కింద.
పద్నాలుగేండ్లు బస్సు కిటికీలోంచి
దాన్ని దాటుకుంటానే తిరిగినా.

రేకుల ఇల్లు. కానుగ చెట్టుకు కట్టేసిన ఆవు.
నొసట చింతగింజ.
కసువేస్తా ఒక పిల్లోడు, పదమూడేండ్లుంటాయేమో,
నన్ను చూసి గూడా నడుమెత్తలేదు.
తల కొత్తగా గొరిగించుకోనుండాడు.
మా ఇంట్లో కొరివి పట్టింది చిన్నాయన కొడుకు.
వీడికి ఎవరు చెప్పినారో,
యాడ కూచోబెట్టి గొరిగినారో.
నున్నటి నెత్తిన సుడి ఒకటే.

నాలుకను అంగిట్లో రెండు తూర్లు కొట్టి
ఆవును పక్కకు జరిపినాడు.
అది నాయన పిలుపు.
నాకెన్నిసార్లు నేర్పించినా రాలేదు.

రెడ్డెమ్మ బయటికొచ్చి పీట వేసింది.
కూచో అనలేదు, పో అనలేదు.
ఆకులో జున్ను పెట్టింది. బెల్లం ఎక్కువైంది.

తిట్టను పోయినా నేను.
దారంతా మాటలు మూట కట్టుకోని పోయినా.
అంతలో దూడ నా చెయ్యి నాకను వచ్చింది.
దాని మెడలో కొత్త తలుగు,
నారలో కలిపి పేనిన గుడ్డపేలిక.
మెంతి రంగు, నల్ల చుక్కలు.
పోయిన గంగజాతరకు
నేను అమ్మకు కొనిచ్చిన చీర అంచు.
"ఎలుకలు కొట్టేసినాయి" అనింది.
ముడి చూసినా. ఎడమచేతి ముడి.
మా అమ్మది ఎడమచేతి వాటం.

"తలుగు బాగుండాది" అన్నా. ఇంకేం నోటికి రాలేదు.
"ప్రతి ఈతకూ ఒకటొస్తాది" అనింది రెడ్డెమ్మ.
"ఎవరు పేన్తారని ఆయన్ను నేనెప్పుడూ అడగలా."

పొద్దు గూకినాక ఇల్లు చేరితే
అమ్మ పొదుగు కడగతా ఉండాది.
యాడికి పోయినావని అడగలేదు.
"ఈనిందా?" అనింది.
"ఊఁ."
"కోడెదూడా, పెయ్యా?"
"పెయ్య."
చెంబులో పాలధార మొదలైంది.
సగం చెంబు నిండేదాకా ఇంకో మాట లేదు.

"సుడి యాడుండాది?"
"చూళ్లేదుమా."
"రేపు పోయి
చూసిరా."